బిళ్ళలు తుడిచే మంగళవారం

మంగళవారం క్లబ్బుకి సెలవు. సెలవంటే సభ్యులకే. బిళ్ళలావిడకి అసలు పని ఆ రోజే.

పొద్దున తొమ్మిదింటికి వెనక తలుపు తాళం తీసేది. పేకాట హాలు దాటితే చివర ఓ సన్నపాటి గది. ఒక కిటికీ, ఒక పొడుగాటి బల్ల, మూలన కుళాయి. బల్ల మీద రెండు పాత తువ్వాళ్ళు పరిచి, బేసిన్‌లో గోరువెచ్చని నీళ్ళు పోసి, రెండు చుక్కలు సబ్బు కలిపేది. నీళ్ళు ఎంత వెచ్చగా ఉండాలంటే, పసిపిల్లకి స్నానం చేయించడానికి ఎంత పనికొస్తాయో అంత. పక్కన మెత్తటి టూత్ బ్రష్షు, రంగూ వాసనా లేని నూనె సీసా, పాత బనీను గుడ్డ. ఇక చెక్కపెట్టె తెరిచేది.

డబ్బుకి బదులు పందెం కాసే బిళ్ళలు, ఆరువందలు. ఎర్రవి, నీలంవి, ఆకుపచ్చవి, తెల్లవి. అంచుల మీద వేరే రంగు మచ్చలు. ఇప్పుడు దొరికే ప్లాస్టిక్ బిళ్ళలు కావు, మట్టివి. ఒకదాని మీద ఒకటి పడితే గలగలమనవు, ఎండిన చెక్క మీద వేలితో తట్టినట్టు మెత్తగా చప్పుడు చేస్తాయి. వారమంతా చేతుల చెమట, టీ మరకలు, సిగరెట్టు పొగ పట్టి రంగు చచ్చిపోయేవి. వాటిని నానబెట్టకూడదు. నానితే మట్టి నీళ్ళు తాగి ఉబ్బుతుంది. ఉబ్బిన బిళ్ళ దొంతరలో కుదురుగా నిలబడదు, అలిగిన అల్లుడిలా ఓ పక్కకి ఒరిగి కూర్చుంటుంది. అందుకని ఒక్కోటీ ముంచి, తీసి, అంచుల వెంట బ్రష్షుతో రుద్ది, వెంటనే తుడిచి, తువ్వాలు మీద ఆరబెట్టాలి. బాగా ఆరాక గుడ్డ కొసతో రవ్వంత నూనె పూయాలి. అప్పుడు చూడాలి ఎరుపు ఎరుపవడం, నీలం నీలమవడం.

నూనె తగలగానే బిళ్ళ మాట్లాడేది.

పేకాటలో ముఖం కదపకూడదు, నోరు జారకూడదు. నాలుక చివరిదాకా వచ్చిన మాటని ఆటగాడు మింగేస్తాడు. మింగిన మాట కడుపులోకి పోదు, వేళ్ళలోకి దిగుతుంది. వేళ్ళ మధ్య బిళ్ళ తిరుగుతూనే ఉంటుంది, మట్టి కదా, పీల్చేసుకుంటుంది. మురికి వదిలి, నూనె పడి, మట్టి మెత్తబడగానే ఆ మాట ఆ మనిషి గొంతుతోనే బయటికొచ్చేది. పక్క గదిలోంచి వినపడినట్టు, ఒకే ఒక్కసారి. మట్టి బిళ్ళలున్న క్లబ్బుల్లో అంతటా ఇంతే కాబట్టి దీన్ని గురించి ఎవరూ ప్రత్యేకంగా చెప్పుకునేవారు కాదు. గది తలుపు మీద మాత్రం ‘సభ్యులు లోపలికి రాకూడదు’ అని ఓ బోర్డు ఉండేది.

ఆమెకి ఆ పని నేర్పింది మొగుడు. క్లబ్బులో స్టోరు కీపరుగా చేసేవాడు. మోకాళ్ళు అరిగి ఎక్కువసేపు నిలబడలేని రోజుల్లో సాయానికి తీసుకొచ్చి, మొదటిరోజే చెప్పాడు.

“విను, తుడువు, మర్చిపో. బట్టలుతికేవాడు మరకల సంగతి ఊరంతా చాటుకుంటాడా? మనమూ అంతే.”

ఆయన పోయాక కూడా ఆమె ఆ మాట దాటలేదు. ఇరవైరెండేళ్ళు. లాయరుగారి గొంతు వారం వారం “నా దగ్గర ఏమీ లేదు, ఏమీ లేదు” అని వణికేది. అదే లాయరుగారు బజారులో మీసం మెలేస్తూ ఎదురైతే నమస్కారం పెట్టి పక్కకి తప్పుకునేది. పళ్ళ డాక్టరు “నాకే పన్ను సలుపుతోంది, ఎవరికి చెప్పుకోను” అని మూలిగితే నవ్వాపుకుని ఆ బిళ్ళని కాస్త సుతారంగా తుడిచేది. జన్మలో ఎవర్నీ మెచ్చుకోని హెడ్మాస్టరుగారు “భలే ఆడావురా” అనేవారు. ఆ మెప్పు ఎవరికి చెందాల్సిందో వాళ్ళకి ఎన్నడూ చేరలేదు.

హెడ్మాస్టరుగారు ఒక వానాకాలం హఠాత్తుగా పోయారు. ఆ మంగళవారం ఆయన కుర్చీ ముందు మిగిలిన బిళ్ళలు తుడుస్తుంటే మొదటిది “ఇంకొక్క ఆట” అంది. ఆమె చెయ్యి ఆగిపోయింది. ఇంకా ఆరున్నాయి. వాటికి నూనె పూయకుండా సొరుగులో దాచుకుంది. రెండు నెలలపాటు, ఎప్పుడైనా మనసు బాగోకపోతే ఒకటి తీసి నూనె రాసుకునేది. ఆ రోజుల్లోనే, ఎప్పుడూ ఆయన ఎదుటి కుర్చీలో ఆడే డ్రాయింగు మాస్టారు వెనక తలుపు దగ్గరికొచ్చి, లోపలికి అడుగుపెట్టకుండా, గొంతు సవరించుకున్నారు.

“ఆయన... ఏమైనా అన్నాడామ్మా?”

“తుడిచానండి. మర్చిపోయానండి.”

మాస్టారు తలూపి, గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయారు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసి, ఆమె కళ్ళు తుడుచుకుంది. ఎంత కష్టమైనా పని పనే.

క్లబ్బు సభ్యుల్లో ఆమెకి అయినవాడు ఒక్కడే, అన్నయ్య. రేవులో పెద్ద పడవ నడిపే సరంగు. అప్పటికింకా ఏటి మీద వంతెన లేదు. ఇవతలి ఒడ్డువాళ్ళు బడికెళ్ళాలన్నా, ఆసుపత్రికెళ్ళాలన్నా, అంగడికెళ్ళాలన్నా అతని పడవే దిక్కు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆ పడవ తిప్పే చక్రం అతని చేతిలోనే ఉంది. సాయంత్రం ఆఖరి ట్రిప్పు ముందు రెండు గంటలు ఖాళీ దొరికితే క్లబ్బులో కూర్చునేవాడు. టోపీ మాత్రం తీసేవాడు కాదు.

వాళ్ళ నాన్న వడ్రంగి. నలభై అయిదేళ్ళకే చూపు పోయింది. గుమ్మం పక్కన బెంచీ మీద కూర్చుని, పని దొరక్క, చేతికందిన చెక్కముక్కనల్లా నిమురుతూ ఉండేవాడు. అన్నయ్య పదిహేనేళ్ళకే పడవలో పనికి చేరాడు. చెల్లెలికప్పుడు ఆరేళ్ళు. పొద్దున మొదటి ట్రిప్పుకి భుజాన ఎక్కించుకుని తీసుకెళ్ళి, పెద్ద సరంగు టీ తాగుతున్నప్పుడు ఆమె చేతుల్ని చక్రం మీద పెట్టి, పైన తన చేతులు పెట్టేవాడు. “చూడవే, ఏరంతా నువ్వే తిప్పుతున్నావు” అనేవాడు. ఆ మాటని ఆమె చాలా ఏళ్ళు నిజమనుకుంది.

అన్నయ్య బిళ్ళలు అంతదాకా పెద్దగా ఏమీ చెప్పేవి కావు. మింగే మాటలు తక్కువ, పైకి అనేవే ఎక్కువ. అలాంటిది, ఓ మంగళవారం ఒక నీలం బిళ్ళకి నూనె పూయగానే అతని గొంతు వినిపించింది.

“రేవు కనిపించట్లేదు.”

తను సరిగ్గా వినలేదేమో అనుకుంది. ఇంకోటి తీసి పూసింది. అది లాయరుగారిది. ఆ తర్వాత ఓ ఎర్రది.

“ఇది ఎరుపా, నలుపా?”

మళ్ళీ ఒక తెల్లది. ఈసారి గొంతు ఇంకా లోతుగా ఉంది.

“నాన్నలాగే.”

కుళాయి కింద బొట్టు బొట్టుగా నీళ్ళు పడుతున్నాయి. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. ఇన్నాళ్ళూ ముక్కలు ముక్కలుగా తెలిసినవన్నీ ఒకటొకటే వచ్చి పక్కన చేరాయి. అన్నయ్య పేకముక్కల్ని ముఖానికి ఆనించి పట్టుకుంటాడని, వాసన చూసి ఆడతాడని పళ్ళ డాక్టరు చేసే వేళాకోళం. పదిహేను రోజుల కింద పడవ రేవు మెట్లకి గుద్దుకుని ఎవరిదో సైకిలు నీళ్ళలో పడితే, తప్పంతా ఏటి వడిదేనని అన్నయ్య అందరి మీదా అరవడం. మొన్నీమధ్య వదిన సిగ్గుపడుతూ చెప్పిన మాట. “మీ అన్నయ్య రోజూ నన్నే పేపరు చదివి వినిపించమంటున్నాడమ్మాయ్. ఈ వయసులో ప్రేమ పుట్టుకొచ్చింది!”

ఆమె మిగతా బిళ్ళలు తుడిచింది. ఏం విన్నదో ఆమెకే తెలీదు.

మర్నాడు పొద్దున మొదటి పడవెక్కింది. బడిపిల్లలు సంచులతో తోసుకుంటూ ఎక్కుతున్నారు. ఆమె చక్రం గదికి ఆనుకుని నిలబడింది. అన్నయ్య ఎప్పటిలాగే నిటారుగా, టోపీ సర్దుకుని, ఎదురుగా చూస్తూ ఉన్నాడు. పక్కన రెండో సరంగు. నలభై ఏళ్ళవాడు, అన్నయ్య దగ్గరే పని నేర్చినవాడు. పడవ కుడికి జరిగినప్పుడల్లా అతను ఒకసారి దగ్గుతున్నాడు. అన్నయ్య చక్రం కాస్త తిప్పుతున్నాడు. ఎడమకి జరిగితే రెండుసార్లు దగ్గుతున్నాడు. రేవు దగ్గర పడేటప్పటికి దగ్గు ఆగకుండా వచ్చింది.

పిల్లలందరూ దిగాక ఆమె అతన్ని పక్కకి పిలిచింది.

“ఎన్నాళ్ళయింది?”

“ఏదమ్మా?”

“నీ దగ్గు.”

అతను తల దించుకున్నాడు. మోకు చుట్టడం మొదలుపెట్టాడు.

“ఏడాది దాటిందమ్మా. కళ్ళు చూపించుకోమని నేనెలా అంటాను? ఆయన నాకు గురువు. పైగా... ఆయన ఏటిని చెవులతోనే నడిపిస్తాడమ్మా. తొంభైతొమ్మిదిసార్లు నా అవసరమే ఉండదు.”

“నూరోసారి?”

అతను మోకు భుజాన వేసుకుని పడవలోకి వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా ఆమెకి అన్నం సయించలేదు. పడవల ఆఫీసులో ఒక్కమాట చెబితే చాలు, పని అయిపోతుంది. అన్నయ్య పనీ అయిపోతుంది. ఎవరో పిలిచి, నలుగురి ముందు గోడ మీది అక్షరాలు చదవమంటారు. అతను చదవలేడు. ఆ సిగ్గుతో నాన్నలాగే బెంచీ మీద కూలబడిపోతాడు. పోనీ తనే వెళ్ళి అడిగితే? ఓసారి ప్రయాణికుడొకడు “కళ్ళజోడు పెట్టుకోరాదా సరంగుగారూ” అన్నందుకు అతనితో ఏడాదిపాటు మాటలు మానేసిన మనిషి. అడిగితే నవ్వేస్తాడు, కసురుతాడు, నాకేం రోగమంటాడు. అన్నిటికీ మించి, బిళ్ళ చెప్పిన మాటని ఆమె తన నోటితో చెప్పకూడదు. అలాగని ఊరుకుంటే, పొద్దుటి పడవలో ఆ సంచులు, ఆ పిల్లలు.

సోమవారం ఆట ముగిశాక హాలులోకి వెళ్ళి, అన్నయ్య కుర్చీ ముందున్న బిళ్ళల్ని మాత్రం విడిగా తీసి పెట్టుకుంది. మంగళవారం పొద్దున వాటిని కడిగింది, ఆరబెట్టింది. నూనె పూయలేదు. తువ్వాలులో చుట్టి, సీసా పట్టుకుని బయల్దేరింది. ఇరవైరెండేళ్ళలో బిళ్ళలు ఆ గది దాటి వెళ్ళడం అదే మొదటిసారి. సభ్యులు లోపలికి రాకూడదని బోర్డు మీద ఉంది గానీ బిళ్ళలు బయటికి పోకూడదని లేదు కదా అని దారంతా తనకి తనే చెప్పుకుంది. ఇది లాయరుగారు చెప్పాల్సిన మాట అని ఆమెకే అనిపించింది.

మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా పడవకి విరామం. అన్నయ్య పెరటి అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. అడుగుల చప్పుడు విని ముఖం తిప్పాడు.

“నువ్వేనా? ఇవాళ నీ పని రోజు కదే.”

“పనే పట్టుకొచ్చాను. నా వేళ్ళు పట్టేశాయన్నయ్యా. కాస్త ఓ చెయ్యి వెయ్యి.”

“నేను సభ్యుణ్ణి. ముట్టుకుంటే మీ ఆయన పైనుంచి శపిస్తాడు.”

“అన్నీ నీ కుర్చీ ముందువే. నీ మాటలు నువ్వు వింటే ఎవరికి నష్టం?”

అతను నవ్వి చెయ్యి చాపాడు. ఆమె బనీను గుడ్డ కొసని నూనెలో తడిపి అతని వేలికి చుట్టింది. అతను బిళ్ళని చూడలేదు. బొటనవేలితో అంచు తడుముకుంటూ, అచ్చం నాన్న చెక్క నిమిరినట్టు, గుండ్రంగా నూనె పూశాడు.

“ఈ లాయరు గొంతు ఎప్పటికి ఆరిపోతుందిరా భగవంతుడా” అంది బిళ్ళ.

ఇద్దరూ పకపకా నవ్వారు. వంటింట్లోంచి వదిన కేకేసింది. “ఎవర్నండీ తిడుతున్నారు?”

“ఎవర్నీ కాదులే!” అని అతను ఇంకోటి తీశాడు.

“ఇంటికెళ్తే మళ్ళీ అదే కూర.”

“ఏంటీ?”

“నేను కాదే, బిళ్ళ!”

“బిళ్ళకేం తెలుసు నా కూర సంగతి? దాన్నే వచ్చి వండుకోమనండి!”

అతను నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళు తుడుచుకున్నాడు. మూడోది “చెల్లెలు ఈమధ్య సరిగ్గా తింటున్నట్టు లేదు” అంది. అతను నాలుగోది తీసుకున్నాడు.

“రేవు కనిపించట్లేదు.”

అతని వేలు బిళ్ళ మీదే ఉండిపోయింది. చెట్టు మీద కాకి అరిచి ఎగిరిపోయింది. ఆమె ఇక్కడితో ఆపేస్తాడనుకుంది. తువ్వాలు విసిరేసి లేచిపోతాడనుకుంది. అతను మెల్లిగా తడుముకుని ఇంకోటి తీసి పూశాడు.

“నాన్నలాగే.”

వదిన గరిటె చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అతను ఇంకొకటి తీశాడు. నూనె రెండుసార్లు పక్కకి జారి, మూడోసారి బిళ్ళకి తగిలింది.

“ఎవరైనా నన్ను ఆపితే బాగుండు.”

తన గొంతేనని నమ్మలేనట్టు అతను ఆ బిళ్ళని చెవి దగ్గరికి తీసుకెళ్ళాడు. అది మళ్ళీ పలకలేదు. ఒక మాట ఒకసారే.

“నువ్వు ముందే విన్నావా?” అన్నాడు బిళ్ళని తువ్వాలు మీద పెడుతూ.

“విన్నది మర్చిపోవడమే నా పని అన్నయ్యా.”

“మరి?”

“ఇది మర్చిపోవడం చేతకాలేదు.”

వదిన వచ్చి అతని పక్కన అరుగు మీద కూర్చుంది. గరిటెని ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళోనే పెట్టుకుంది. “పేపరు అందుకేనా?” అని మాత్రం అడిగింది. అతను తలూపాడు.

నాలుగింటికి రేవులో కూత వినిపించింది. అలవాటుగా లేచాడు, అలవాటుగా టోపీ పెట్టుకున్నాడు. ఆడవాళ్ళిద్దరూ వెనకే నడిచారు. రేవు మెట్లు దిగి, పడవెక్కి, అతను నేరుగా చక్రం దగ్గరికి వెళ్ళాడు. వదిన ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. అతను చక్రాన్ని ఓసారి పైనుంచి కిందిదాకా నిమిరాడు. తర్వాత టోపీ తీసి, రెండో సరంగు తల ఎక్కడుందో చేత్తో చూసుకుని, దాని మీద పెట్టాడు.

“ఇవాళ నుంచి దగ్గక్కర్లేదురా” అన్నాడు.

వచ్చి ప్రయాణికుల బెంచీ మీద, చెల్లెలికీ పెళ్ళానికీ మధ్య కూర్చున్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళలో అతను ఆ బెంచీ మీద కూర్చోవడం ఎవరూ చూడలేదు. పడవ కదిలింది. ఏటి మధ్యకి వచ్చేదాకా కళ్ళు మూసుకుని వింటూనే ఉన్నాడు. ఓచోట “కొంచెం ఎడమకి” అని గొణిగాడు. పడవ ఎడమకి తిరిగింది.

తర్వాతి సంగతులు చాలా ఉన్నాయి గానీ టూకీగా చెప్పుకోవచ్చు. మర్నాడే అవతలి ఒడ్డు కంటి ఆసుపత్రికి వెళ్ళారు. అవి ముదిరిపోయిన శుక్లాలు. ఇంకో ఆరు నెలలు ఆగితే తన చేతిలో కూడా ఏమీ ఉండేది కాదంది డాక్టరమ్మ. మా నాన్నకీ ఇదేనా అని అతను అడిగితే, ఇదే అయ్యుండచ్చు, ఆ రోజుల్లో చూసేవాళ్ళు లేకపోయారు అంది. ఆ మాటకి అతను ఆసుపత్రి వరండాలో అరగంట కూర్చుండిపోయాడు. కుడికన్ను పూర్తిగా వచ్చింది, ఎడమది సగం. చక్రం మళ్ళీ పట్టుకోమని పడవలవాళ్ళే అడిగినా పట్టుకోలేదు. వంతెన పడి రేవు మూతబడేదాకా కొత్తవాళ్ళకి పని నేర్పాడు. వాళ్ళ కళ్ళకి గంతలు కట్టి, ఏటి చప్పుడు వినమనేవాడు. క్లబ్బులో ఆ తర్వాత చాలాకాలం ఆడాడు, చాలాసార్లు ఓడిపోయాడు. ముఖం దాచుకోవడం మానేశాడు మరి.

కట్లు విప్పిన రోజు మాత్రం ఆమెకి కళ్ళకి కట్టినట్టు గుర్తు. ఆసుపత్రి గదిలో కిటికీ రెక్కలు దగ్గరగా వేసి ఉన్నాయి. డాక్టరమ్మ దూది తీసి, మెల్లిగా తెరవమంది. అతను తెరిచాడు. ముందు తన చేతులు చూసుకున్నాడు, అటూ ఇటూ తిప్పి. తర్వాత వదినని చూశాడు. వదిన ఏడుస్తూ నవ్వుతోంది. “కళ్ళజోడు మార్చావే” అన్నాడు. ఆ తర్వాత మంచం చివర నిలబడ్డ చెల్లెలి వైపు తిరిగాడు. నవ్వబోయి ఆగిపోయాడు. దగ్గరికి రమ్మని వేళ్ళతో సైగ చేశాడు. ఆమె వెళ్ళి వంగితే, తల మీద చెయ్యి వేసి, పాపిడి పక్కన జుట్టు పాయ ఒకటి వెలుతురులోకి లాగి చూశాడు.

“ఇదెప్పుడు నెరిసిందే?”

“అయిదేళ్ళయిందన్నయ్యా.”

“అయిదేళ్ళా? మరి నాకు చెప్పలేదేం?”

ఆమె ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“నువ్వు చూస్తూనే ఉన్నావనుకున్నాను.”